రాత్రి నిద్ర రాదు, పొద్దున లేవలేడు: అడ్రినల్ లోపమున్న కుర్రవాడికి ముందు మాత్రల వేళలు సరిచేయండి

అమ్మా, మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. తమ్ముడికి 22 ఏళ్లు. ఏడాదిన్నర కిందట అడిసన్ జబ్బని తేలింది, అంటే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు దెబ్బతిని కార్టిసోల్ అనే హార్మోను తయారుకాని జబ్బు. సొంతూరు అనంతపురం పక్కన, ఇప్పుడు కర్నూలులో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. కార్టిసోల్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ రోజుకు 20 మిల్లీగ్రాములు వాడుతున్నాడు. లేచాక తొమ్మిదిన్నరకు 10, మధ్యాహ్నం మూడున్నరకు 5, రాత్రి అన్నం తిన్నాక పదింటికి 5. ఒంట్లో ఉప్పును నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ 100 మైక్రోగ్రాములు కూడా రాత్రే వేసుకుంటున్నాడు. ఒంటిగంట దాకా నిద్ర పట్టదు, పొద్దున ఎంత లేపినా లేవడు, లేచాక తలనొప్పి, వికారం. కార్టిసోల్ పరీక్ష బాగుందన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు సోమరితనం అంటున్నారు. డోసు పెంచమని డాక్టరును అడగాలా అన్నది మీ ప్రశ్న.

పెంచమని అడగకండి. వేళలు మార్చమని అడగండి. 20 మిల్లీగ్రాములు తక్కువేం కాదు. పెద్దవాళ్లకు రోజుకు 15 నుంచి 25 మధ్య ఇస్తారు. మీ తమ్ముడికి మందు సరిపోకపోవడం కన్నా అది తప్పు వేళకు ఒంట్లో ఉండటమే ఎక్కువ బాధ పెడుతోందని మీరిచ్చిన వివరాలే చెబుతున్నాయి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కార్టిసోల్ అర్ధరాత్రి దగ్గర అడుగంటుతుంది. తెల్లవారుజామున రెండు మూడు గంటల నుంచి మెల్లగా పెరుగుతూ, నిద్ర లేచే వేళకు శిఖరానికి చేరుతుంది. అక్కణ్నుంచి రోజంతా దిగుతూ వస్తుంది. మనిషికి మెలకువ వచ్చేసరికి ఒంట్లో సత్తువ ముందే సిద్ధంగా ఉండేది అందుకే. హైడ్రోకార్టిసోన్ మాత్ర వేసుకున్నాక సుమారు గంటకు రక్తంలో ఎక్కువగా ఉంటుంది. తర్వాత దాదాపు ప్రతి గంటన్నరకు సగమవుతూ పోతుంది.

ఈ లెక్కను మీ తమ్ముడి రాత్రికి వేసి చూడండి. పదింటికి వేసుకున్న 5 మిల్లీగ్రాములు పదకొండుకు గరిష్ఠానికి వస్తాయి. అంటే ఒంట్లో కార్టిసోల్ దాదాపు లేకుండా ఉండాల్సిన వేళకు నిండుగా ఉంటుంది, ఒళ్లు అది పగలనుకుంటుంది. పన్నెండున్నరకు సగం, రెండింటికి పావు, మూడున్నరకు అందులో సగం. సరిగ్గా మిగతావాళ్లకు కార్టిసోల్ పెరగడం మొదలయ్యే వేళకు అతనికి ఖాళీ అయిపోతుంది. అక్కణ్నుంచి తొమ్మిదిన్నర దాకా ఆరు గంటలు ఏమీ లేకుండా పడుకుంటాడు. ఆ తలనొప్పి, వికారం, ఎంత లేపినా కళ్లు తెరవలేకపోవడం ఇక్కణ్నుంచి వచ్చినవే. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఒక్క పేరా చదివి వినిపించండి. పొద్దున ఎనిమిదింటికి లేవలేని ఆ పిల్లవాడి ఒంట్లో, వాళ్ల ఒంట్లో ఆ వేళకు ఉండే హార్మోను లేదు. దాన్ని తిట్టి తెప్పించలేం.

ఇక మార్పు. మొత్తం అదే 20. మొదటి 10 పొద్దున ఐదున్నర ఆరు మధ్య, రెండో 5 పదకొండున్నరకు, మూడో 5 సాయంత్రం నాలుగింటికి, ఎంత ఆలస్యమైనా ఐదు దాటకూడదు. పడుకునే వేళకు కనీసం ఐదారు గంటల ముందు చివరి మాత్ర పడాలన్నది సూత్రం. కొందరికి చివరిది 5 బదులు 2.5 చాలు, అది డాక్టరు తేల్చాలి. ఫ్లూడ్రోకార్టిసోన్ పొద్దుటి మాత్రతోనే. మోతాదు మారకపోయినా, వేళలు మారుస్తున్నామని డాక్టరుకు చెప్పే మొదలుపెట్టండి.

"ఐదున్నరకు లేవగలిగితే ఇంత బాధెందుకు" అంటాడు తమ్ముడు. లేవనక్కర్లేదు. రాత్రి పడుకునే ముందే 10 మాత్ర ఒకటి చిన్న డబ్బాలో, పక్కనే మూత ఉన్న గ్లాసులో నీళ్లు, తల దగ్గర పెట్టుకోవాలి. ఐదున్నరకు అలారం. కూర్చుని మాత్ర మింగి, నీళ్లు తాగి, మళ్లీ పడుకోవాలి. రెండో అలారం ఆరుముప్పావుకు. ఆ వేళకు మందు రక్తంలోకి వచ్చి ఉంటుంది, లేవడం తేలికవుతుంది. షీటు మొత్తం తల దగ్గర పెట్టుకోవద్దు. నిద్రమత్తులో వేసుకున్నానో లేదోనని మళ్లీ వేసుకునేవాళ్లు ఉంటారు. డబ్బా ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే. గదిలో తోడున్న కుర్రాడికి ఈ సంగతి చెప్పి ఉంచాలి, మొదటి వారం అలారం వినపడకపోవచ్చు.

ఇప్పుడు ఒంటిగంటకు పడుకునేవాడు ఒక్కసారిగా పదిన్నరకు పడుకోలేడు. రాత్రి మాత్రను మాత్రం మొదటి రోజే సాయంత్రానికి జరపండి. పొద్దుటి అలారంను రెండు మూడు రోజులకొకసారి గంట చొప్పున ముందుకు తెండి. పడుకునే వేళ దానంతటదే ముందుకు జరుగుతుంది. రెండు వారాలు గడవకుండా బాగుందనీ బాగాలేదనీ తేల్చవద్దు, మధ్యలో ఇంకో మార్పు చేయవద్దు. ఒకేసారి మూడు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టించండి. పడుకున్న వేళ, మెలకువ వచ్చిన వేళ, మూడు మాత్రల అసలు వేళలు (వేసుకోవాల్సినవి కాదు, వేసుకున్నవి), పగటి నిద్ర ఎంత, పొద్దున ఏడుకు, పదకొండుకు, మూడింటికి, రాత్రి ఏడుకు సత్తువ పదికి ఎంత. వారానికోసారి బరువు. డాక్టరుకు "నీరసంగా ఉంది" అని చెబితే ఆయన చేయగలిగేది తక్కువ. "రోజూ పదకొండుకు సత్తువ పదికి ఎనిమిది నుంచి మూడుకు పడిపోతోంది, పదకొండున్నర మాత్ర తర్వాత మళ్లీ ఆరుకు వస్తోంది" అని చూపిస్తే ఏ మాత్ర జరపాలో అక్కడే కనిపిస్తుంది.

కార్టిసోల్ పరీక్ష బాగుందన్న మాట గురించి. హైడ్రోకార్టిసోన్ వాడుతున్న మనిషి రక్తంలో కార్టిసోల్ కొలిస్తే, చాలావరకు మాత్ర ఎప్పుడు వేసుకున్నాడన్నదే తెలుస్తుంది. మాత్ర పడిన గంటకు తీస్తే బ్రహ్మాండంగా, ఆరు గంటలకు తీస్తే అధ్వానంగా వస్తుంది. డోసు సరిపోయిందా లేదా అన్నది బరువు, ఆకలి, రక్తపోటు, చర్మం రంగు, సత్తువ చూసి తేల్చాలి. చిగుళ్లు, అరచేతి గీతలు, వేలి కణుపులు మళ్లీ నల్లబడుతుంటే, బరువు తగ్గుతుంటే, వికారం ఉంటే తక్కువైనట్టు. ముఖం ఉబ్బి, నడుము దగ్గర కొవ్వు చేరి, పొట్ట మీద ఎర్రటి చారలు వస్తుంటే ఎక్కువైనట్టు. ఎక్కువైనా నిద్ర చెడుతుంది, తక్కువైనా నీరసమే. అందుకే నీరసం ఒక్కటే చూసి డోసు పెంచకూడదు.

రెండో అనుమానం ఉప్పు. అడిసన్‌లో కార్టిసోల్‌తో పాటు ఉప్పును ఒంట్లో పట్టి ఉంచే అల్డోస్టిరోన్ కూడా ఉండదు. ఫ్లూడ్రోకార్టిసోన్ ఇచ్చేది దానికి బదులు. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై దాటుతుంది, చెమటతో పోయే ఉప్పు చలికాలం లెక్కకు అందదు. జనవరిలో సరిపోయిన మాత్ర మేలో చాలకపోవచ్చు. గుర్తులు: లేచి నిలబడగానే కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం, మజ్జిగలో ఎంత ఉప్పేసినా చప్పగా అనిపించడం, అన్నం కన్నా ఊరగాయ మీదకే మనసు పోవడం. ఇంట్లో రక్తపోటు మిషను ఉంటే ఇలా చూడండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఉప్పు, నీరు, ఫ్లూడ్రోకార్టిసోన్ లెక్క చూడాలి. అప్పుడు సోడియం, పొటాషియం, వీలైతే ఫ్లూడ్రోకార్టిసోన్ సరిపోతోందో తెలిపే రెనిన్ పరీక్ష చేయిస్తారు. ఈ జబ్బున్నవాడికి ఎవరో బీపీ వస్తుందని భయపెట్టి ఉప్పు తగ్గించడం చాలా ప్రమాదం. సంగట్లోకి పచ్చడి, మధ్యాహ్నం ఉప్పేసిన మజ్జిగ రెండు గ్లాసులు నిక్షేపంగా తీసుకోవచ్చు. పాదాల వాపు, రక్తపోటు పెరగడం కనిపిస్తే మాత్రం ఫ్లూడ్రోకార్టిసోన్ ఎక్కువైందేమో అడగండి.

మూడోది, మందుల షాపులో జరిగే మార్పిడి. హైడ్రోకార్టిసోన్ మాత్రలు చిన్న ఊళ్లలో అన్ని వేళలా దొరకవు. "ఇదీ స్టిరాయిడే" అని వైసొలోన్ 5 గానీ, డెక్సామెథాసోన్ గానీ చేతిలో పెడతారు. వైసొలోన్, అంటే ప్రెడ్నిసొలోన్, పనికిరాని మందేం కాదు. రోజుకు 3 నుంచి 5 మిల్లీగ్రాములు, చాలావరకు పొద్దునే, డాక్టరు లెక్క ప్రకారం ఇస్తారు. మధ్యాహ్నం మాత్ర మర్చిపోయేవాళ్లకు అది నయం కూడా. కానీ అది రాత్రి పడితే తెల్లారేదాకా మెలకువే. డెక్సామెథాసోన్ ఒకటిన్నర రోజుకు పైగా ఒంట్లో పనిచేస్తుంది, ఉప్పును అసలు పట్టదు, రోజువారీ వాడకానికి తగదు. అందుకని కనీసం నెల రోజుల మందు ముందే చేతిలో ఉండాలి. షీటు మీద పేరు, మిల్లీగ్రాములు ప్రతిసారీ చదవాలి. ఎండాకాలంలో మాత్రలను బండి డిక్కీలో, రేకుల గదిలో కిటికీ పక్కన పెట్టవద్దు.

ఇవి మూడూ సరిచేసి నెల గడిచినా సత్తువ రాకపోతే, నీరసాన్నంతా అడ్రినల్ గ్రంథి మీదకే నెట్టకండి. ఒంటి రక్షణ వ్యవస్థే అడ్రినల్‌ను దెబ్బతీసిన వాళ్లలో అదే తీరున థైరాయిడ్ దెబ్బతినడం, బి12 తగ్గడం, టైప్ 1 షుగర్, గోధుమ పడకపోవడం తోడవుతాయి. కాబట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్ (మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12 కంటే తగ్గకూడదు), బి12, విటమిన్ డి, షుగర్ ఏడాదికోసారైనా చూడాలి. ఒక హెచ్చరిక: కార్టిసోల్ లోపం ఉందని తెలియక థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్ ముందు మొదలుపెడితే ఉన్న కాస్త కార్టిసోల్ తొందరగా ఖర్చయి మనిషి కుప్పకూలవచ్చు. తమ్ముడు హైడ్రోకార్టిసోన్ వాడుతున్నాడు కాబట్టి ఆ భయం తక్కువ, కానీ కొత్త డాక్టరుకు అడిసన్ సంగతి ముందు చెప్పాలి. మన దగ్గర అడ్రినల్ గ్రంథులను క్షయ కూడా తినేస్తుంది. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ హైడ్రోకార్టిసోన్‌ను త్వరగా కరిగించేస్తుంది, అది వాడినన్నాళ్లు డోసు దాదాపు రెట్టింపు అవసరం కావచ్చు. కొన్ని మూర్ఛ మందులదీ అదే దారి.

తెల్లవారుజామున మూడు నాలుగింటికి చెమట పట్టి, గుండె దడతో, ఆకలితో మెలకువ వస్తోందా అని అడగండి. అది చక్కెర తగ్గడం కావచ్చు. ఆ వేళకే గ్లూకోమీటరుతో చూడాలి. 70 కంటే తక్కువుంటే అప్పటికి చక్కెర నీళ్లు, తర్వాత డాక్టరుకు కబురు. పడుకునే ముందు గ్లాసు పాలు, గుప్పెడు వేయించిన చెనిక్కాయలు తింటే చాలామందికి ఆ వేళ సాఫీగా గడుస్తుంది.

నిద్ర అలవాట్ల గురించి అందరూ చెప్పేదే కాబట్టి ఇతనికి ప్రత్యేకంగా పనికొచ్చేవి మాత్రం రాస్తాను. లేచిన వెంటనే ఇరవై నిమిషాలు మిద్దె మీద ఎండలో ఉండాలి. అతని ఒంట్లో పొద్దు పొడిచిందని చెప్పే హార్మోను గట్టిగా లేదు కాబట్టి, వెలుతురు ఆ పని కొంత చేస్తుంది. పగటి నిద్ర అరగంట, అదీ మూడింటి లోపు. ఎండాకాలం మనవైపు మధ్యాహ్నం రెండు గంటలు పడుకోవడం మామూలే, కానీ ఇతని రాత్రిని అది తినేస్తుంది. నాలుగు దాటాక టీ వద్దు. కష్టమైన సబ్జెక్టు పొద్దున ఏడు నుంచి పన్నెండు లోపు పెట్టుకోవాలి, మాత్ర ఒంట్లో ఉండేది అప్పుడే. రాత్రి రెండింటిదాకా చదివే పద్ధతి స్నేహితులకు చెల్లుతుంది, ఇతనికి చెల్లదు. నిద్రమాత్రలు సొంతంగా కొని వేసుకోనివ్వకండి. కార్టిసోల్ పడిపోయి మత్తుగా ఉన్నాడా, మాత్ర మత్తా అన్నది పక్కనున్నవాళ్లకు తెలియదు.

పరీక్ష రోజు ఆందోళనకు అదనపు మాత్ర సాధారణంగా అక్కర్లేదు. "ఇవాళ నీరసంగా ఉంది, ఇంకో 5 వేసుకుంటా" అన్నది అలవాటైతే ఆరు నెలల్లో ముఖం ఉబ్బుతుంది, నిద్ర మళ్లీ పోతుంది. గంటల తరబడి ఒళ్లు అలిసే పని వేరు. నల్లమల గుండా శ్రీశైలం నడిచి పోవడం, అలిపిరి నుంచి 3550 మెట్లెక్కడం లాంటి వాటికి ముందు 5 మిల్లీగ్రాములు అదనంగా వేసుకోమని డాక్టర్లు చెబుతారు, ఉప్పు నీళ్లూ తోడుండాలి. రేపు సిమెంటు ఫ్యాక్టరీలోనో ఇంకెక్కడో రాత్రి డ్యూటీ వస్తే, గడియారం చూడకుండా లేచిన వేళనే పొద్దుగా లెక్కపెట్టి పెద్ద మాత్ర అప్పుడు వేసుకోవాలి. వారం వారం మారే షిఫ్టు మాత్రం ఈ జబ్బుకు పడదు, ఒకే షిఫ్టు అడగడం మేలు. ఇది చదివే ముస్లిం సోదరులకూ ఒక మాట. పదమూడు పద్నాలుగు గంటలు మాత్ర, నీళ్లు లేకుండా ఉపవాసం ఈ జబ్బులో నిజంగా ప్రమాదం. రంజాన్‌కు నెల ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఉండవద్దంటే ఉండకపోవడమే మంచిది.

వాడకూడనివి రెండు చెబుతాను. అతిమధురం ఉన్న పొడులు, కషాయాలు ఉప్పును ఎక్కువ పట్టి, పొటాషియం తగ్గించి, ఫ్లూడ్రోకార్టిసోన్ లెక్కను చెడగొడతాయి. కార్టిసోల్ తగ్గిస్తుందని ప్రకటించి అమ్మే అశ్వగంధ, కార్టిసోల్ లేని మనిషికి అవసరం లేదు. ఇంటర్నెట్‌లో కనిపించే "అడ్రినల్ అలసట" అన్న పేరు వైద్యంలో రోగంగా లేదు, దానికి అమ్మే మందులతో తమ్ముడి జబ్బుకు సంబంధం లేదు.

ఇదే బాధతో చదువుతున్న ఇంకొందరికి అడిసన్ ఉండకపోవచ్చు. ఒళ్లునొప్పులకు ఊళ్లో సూదులు, బెట్నెసాల్ మాత్రలు, ముఖం తెల్లబడాలని స్టిరాయిడ్ క్రీములు నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే, నిద్రపోయిన అడ్రినల్ గ్రంథి వెంటనే లేవదు. అప్పుడూ ఇదే నీరసం. సొంతంగా ఆపకండి. పొద్దున ఎనిమిది గంటల కార్టిసోల్ పరీక్షలో డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే గ్రంథి తేరుకున్నట్టు, 5 కంటే తగ్గితే ఇంకా తేరుకోనట్టు, మధ్యలో ఉంటే మళ్లీ చూడాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో గానీ, తిరుపతి స్విమ్స్‌లో గానీ హార్మోన్ల డాక్టరును కలవండి.

వేళలు ఎంత చక్కగా దిద్దినా, తెల్లవారుజామున కార్టిసోల్ మెల్లగా పెరిగే ఆ తీరును మామూలు మాత్ర పూర్తిగా తేలేదు. ఐరోపాలో మెల్లగా విడుదలయ్యే హైడ్రోకార్టిసోన్‌కు 2011లో, రాత్రి వేసుకుంటే తెల్లవారుజామున విడుదలయ్యే రకానికి 2021లో అనుమతి వచ్చింది, రెండోది పుట్టుకతో వచ్చే అడ్రినల్ లోపానికి. ఇక్కడ మన చేతిలో ఉన్నవి మామూలు మాత్రలు, గడియారం. వాటితో చాలామందికి పొద్దుటి తలనొప్పి, వికారం తగ్గుతాయి. సాయంత్రపు అలసట కొంత మిగలవచ్చు. అది మిగిలినందుకు తమ్ముణ్ని తప్పుపట్టకండి. రెండు వారాలకు మించి దేని మీదా మనసు లేకుండా, దిగులుగా ఉంటే అది వేరే చికిత్స ఉన్న సంగతి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్‌కు, 14416 నంబరుకు చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరగా జ్వరం, వాంతుల లెక్క. వేరే ఊళ్లో గదిలో ఉంటున్నాడు కాబట్టి ఇది నిద్ర కన్నా ముఖ్యం. జ్వరం 100.4 దాటితే రోజు మోతాదు రెట్టింపు, 102 దాటితే మూడింతలు, తగ్గేదాకా రెండు మూడు రోజులు, తర్వాత పాత డోసు. మాత్ర వేసుకున్న అరగంటలోపు వాంతయితే మళ్లీ వేసుకోవాలి. అదీ వాంతయితే ఇక మాత్రలు నమ్మకూడదు. హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ తొడ బయటి కండలోకి పొడిచి, 108కి ఫోన్ చేసి, "అడ్రినల్ క్రైసిస్, సెలైన్ కావాలి" అని చెప్పాలి. క్రైసిస్ అంటే కార్టిసోల్ చాలక ప్రాణం మీదికి వచ్చిన స్థితి. ఇంజెక్షన్ ఎక్కించాక కాస్త బాగున్నట్టు అనిపించినా ఆసుపత్రికి పోవాల్సిందే. పర్సులో తెలుగులో, ఇంగ్లీషులో రాసిన కార్డు ఉండాలి: జబ్బు పేరు, మందులు, మీ ఫోన్ నంబరు.

గదిలో ఉంచాల్సిన డబ్బాలో ఇవి పెట్టండి: 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ పొడి వయల్ రెండు, స్టెరైల్ వాటర్ 2 మిల్లీలీటర్ల ఆంప్యూల్ రెండు, 3 మిల్లీలీటర్ల సిరంజీలు, అంగుళం పొడవు 23 గేజి సూదులు, స్పిరిట్ దూది, కాగితం మీద వరసగా రాసిన పద్ధతి. ఆంప్యూల్ విరిచి నీళ్లు సిరంజీలోకి తీసి వయల్‌లోకి ఎక్కించాలి, కుదిపి పొడి పూర్తిగా కరిగి తేటపడ్డాక మొత్తం వెనక్కి లాగాలి, గాలి బుడగ తీసి నేరుగా పొడవాలి. భయంతో చేతులు వణికే వేళ మొదటిసారి చేస్తే వయల్ మూత తీయడం కూడా రాదు. గడువు దాటిన వయల్ ఒకటి దాచి, తమ్ముడితో, గదిలో తోడున్న కుర్రాడితో ఒక చీనీకాయ మీద రెండుసార్లు పొడిపించి చూడండి.